కొల్లేట్లో ఎర్రగుడ్డ

మా అన్నయ్యకి ఎరుపు కనపడదని ఈ లోకంలో మొట్టమొదట కనిపెట్టింది నేను. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, తనకి పన్నెండు. మిరపకాయలు పెరట్లో చాప మీద పోసి, పండినవి ఒక పక్కకీ పచ్చివి ఒక పక్కకీ ఏరమని అమ్మ మా ఇద్దర్నీ కూచోబెట్టింది. నేను గుప్పెళ్ళతో ఏరేస్తుంటే అన్నయ్య ఒక్కో కాయనీ నొక్కి, తొడిమ లాగి, వాసన చూసి మరీ పెడుతున్నాడు. "ఏంటన్నయ్యా, మిరపకాయలకి పెళ్ళిచూపులా?" అని ఇకిలించాను. అమ్మ వచ్చి చూస్తే అన్నయ్య కుప్పలు రెండూ కలగాపులగం. "కళ్ళు నెత్తికెక్కాయా నీకు?" అని వీపు మీద ఒక్కటేసింది. అన్నయ్య ఏడవలేదు. అమ్మ లోపలికి వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని, "అవి నీకు నిజంగానే వేరేవేరేగా కనిపిస్తాయా?" అని అడిగాడు. ఆ అడిగినప్పటి మొహం చూసి నా ఇకిలింపు ఆగిపోయింది.

ఇంకో ఇంట్లో అయితే ఇదేమంత పెద్ద సంగతి కాదు. నాలుగు రోజులు నవ్వుకుని ఊరుకుంటారు. మాది పెడనలో అద్దకం ఇల్లు. చెక్క అచ్చులతో గుడ్డ మీద పువ్వులూ లతలూ అద్ది, కాలవ నీళ్ళలో జాడించి, రాగి కాగులో వేళ్ళూ ఆకులూ వేసి ఉడకబెడితే ఎరుపు తేలుతుంది. అద్దడం ఎవరైనా నేర్చుకోవచ్చు. కాగు దగ్గర నిలబడేవాడే యజమాని. ఎరుపు ఎప్పుడు పండిందో కంటితో చూసి, సరిగ్గా అప్పుడే గుడ్డని పైకి తియ్యాలి. ముందే తీస్తే ఇటిక రంగు, ఆలస్యం చేస్తే మురికి రంగు. గడియారం చూసి చేసే పని కాదు, ఒక్కో కాగు ఒక్కోలా ఉడుకుతుంది. మా నాన్న ఎరుపు అంటే బందరు దాకా పేరు. ఆ పేరు నిలబెట్టాల్సిన ఒక్కగానొక్క కొడుకు అన్నయ్య.

అందుకని మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. అన్నయ్య కర్రతో గుడ్డ కలుపుతుంటే నేను ఎదురుగా కూచుని పొయ్యిలో పుల్లలు ఎగదోసేదాన్ని. నా జడ వీపు మీద ఉందంటే ఎరుపు ఇంకా రాలేదని. జడ ముందుకి వేసుకున్నానంటే వచ్చేసిందని, తీసెయ్యమని. కొన్నాళ్ళకి ఇది కాగు దాటి అన్నిటికీ పాకింది. కొట్టులో దారం ఉండ చూపించి కళ్ళతోనే "ఎరుపా?" అని అడిగేవాడు. జడ ముందుకొస్తే అవును, వెనకే ఉంటే కాదు. ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. ఒక్కరికీ అనుమానం రాలేదు. "వీడి కన్ను అచ్చం నా కన్నే" అని నాన్న వీధిలో అందరితోనూ చెప్పుకుని మురిసిపోయేవాడు. పక్కనే పుల్లలు సర్దుతూ నేను లోపల్లోపల ఎంత పొంగిపోయేదాన్నో! వాడి కన్ను కాదు, నా కన్ను అని. ఆ గర్వమే మా కొంప ముంచింది.

నాకు పదిహేడో ఏడు నడుస్తుండగా నాన్నకి దగ్గు ముదిరింది. ఏళ్ళ తరబడి పీల్చిన కాగు ఆవిరి ఊపిరితిత్తుల్లోకి దిగిపోయిందనీ, ఇక ఆ పొయ్యి దగ్గర నిలబడితే మనిషి దక్కడనీ బందరు డాక్టరు తెగేసి చెప్పాడు. ఆ ఏడే నాకు బందరు సంబంధం ఖాయమైంది, శ్రావణంలో పెళ్ళి. అంటే శ్రావణం దాటితే కాగు దగ్గర నాన్న ఉండడు, నేనూ ఉండను. అన్నయ్య ఒక్కడే, ఆ కళ్ళతో.

నేనే నిలబడి చూస్తాలే నాన్నా అని ఒకసారి అన్నాను. "చాల్లే, మీ అత్తగారు కాగుతో సహా తెచ్చుకుంటుందా నిన్ను?" అని నవ్వేశాడు.

వేసవిలో కాలవలు కట్టేస్తారు. జాడించడానికి పారే నీళ్ళుండవు కాబట్టి మా వీధిలో కాగులన్నీ బోర్లించి ఉంటాయి. మాకు సెలవులంటే అవే. ఆ సెలవుల్లో కూడా ఎవరూ ఎక్కడికీ కదిలేవారు కాదు. చిరుగులు కుట్టుకోవడం, అచ్చులు బాగుచేసుకోవడం, అరుగు మీద కూచుని లోకాభిరామాయణం. అలాంటిది ఆ వేసవిలో నాన్న ఉన్నట్టుండి, "కొల్లేరు వెళ్దాం, నాలుగు రోజులు" అన్నాడు. కొల్లేటి లంకలో అమ్మకి వరసకి అన్నగారు ఉండేవారు. రమ్మని ఏళ్ళ తరబడి కబుర్లు పెడుతున్నారు. "షికారా! జమీందార్లమా ఏంటండీ మనం?" అంది అమ్మ. "పిల్ల అత్తారింటికి వెళ్ళిపోతోంది. కాగు చుట్టూ తప్ప మనం నలుగురం ఎక్కడన్నా కలిసి కూచున్నామటే?" అన్నాడు నాన్న. అమ్మ పులిహోరకి చింతపండు నానేసింది.

గుడివాడలో రైలు మారి కైకలూరులో దిగాం. అక్కణ్ణుంచి ఎడ్లబండి, ఆపైన దోనె. రెండు తాటి మొద్దుల్ని తొలిచి పక్కపక్కన కట్టేస్తే అదే దోనె. గెడ వేసి నెట్టుకుంటూ వెళ్ళాలి. వేసవి కాబట్టి నీళ్ళు బాగా తగ్గి, తుంగా కిక్కిస గడ్డీ మధ్య సన్నటి పాయలుగా మిగిలాయి. మా కోసం మావయ్య ఒడ్డు దాకా ఎదురొచ్చాడు. "ఏం బావా, మీ రంగునీళ్ళు వదిలి మా మంచినీళ్ళలోకి వచ్చారే!" అని నాన్నని కావలించుకున్నాడు.

మొదటి రెండు రోజులూ నాన్నని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. కొర్రమీను పులుసు మూడోసారి వడ్డించుకుంటుంటే, "మీ కడుపా, కాగా?" అంది అమ్మ. గడ్డిలో దాక్కున్న పక్షుల్ని అన్నయ్య మా అందరికంటే ముందు కనిపెట్టేవాడు. "అదిగో, ఆ దుబ్బు మొదట్లో గుడ్లు పొదుగుతోంది" అని చూపిస్తే మేం ఎంతసేపు కళ్ళు చికిలించుకున్నా కనిపించేది కాదు. దగ్గరికి వెళ్తే నిజంగానే ఉండేది. మావయ్య ముక్కున వేలేసుకున్నాడు. "వీడి చూపు చూపు కాదు బావా! నాకు ఇచ్చెయ్యి, వలల మీద పెట్టుకుంటాను" అన్నాడు. "ఇంకా నయం! కాలవ వదిలిన రోజు కాగు వీడి చేతికిస్తున్నాను" అన్నాడు నాన్న. ఆ మాట మొదటిసారి పైకి అనడం అదే. అన్నయ్య మొహం వెలిగింది. నాకు ఒళ్ళు మండింది.

ఎలా ఒప్పుకుంటాడు? ఏం చూసుకుని ఒప్పుకుంటాడు?

ఆ సాయంత్రం గట్టు మీద పట్టుకుని నిలదీశాను. ఇప్పుడే చెప్పెయ్యి అన్నయ్యా, నాన్న సంతోషంగా ఉన్నాడు, కోపగించుకోడు, ఏదో ఒక దారి చూస్తాడు అన్నాను.

"చెప్తే ఏముంది? ఈ వయసులో మళ్ళీ తనే ఆ పొయ్యి దగ్గర నిలబడతాడు. చచ్చిపోతాడే!" అన్నాడు.

"చెప్పకపోతే? నేను వెళ్ళాక ఎవరి జడ చూస్తావు?"

"బందరు ఎంత దూరం? కాగు పెట్టిన రోజున ఓ పూట రాలేవా? మీ అత్తగారిని నేను అడుగుతాను."

"నాకు పనీపాటా ఉండవా? పిల్లా జెల్లా పుడితే చంకనేసుకుని రావాలా నీ ఎరుపు చూడ్డానికి?"

అన్నయ్య నావైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "చెప్పెయ్యమని నువ్వంటున్నది నా కోసం కాదు, నాన్న కోసమూ కాదు. కాగు నాది కావడం నీకు గిట్టదు. నేను నీ మీద ఆధారపడి బతకడం నీకు ఇష్టం. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను నీ మొహం" అన్నాడు.

నిజం కాకపోతే నవ్వి ఊరుకునేదాన్ని. నిజం కాబట్టి ఒళ్ళంతా భగ్గుమంది. "సరే, నా కళ్ళు లేకుండా బతికి చూపించు" అని గిరుక్కున తిరిగి వచ్చేశాను. అన్నం తినలేదు. ఎండ వల్ల తలనొప్పి అనుకుని అమ్మ శొంఠి పట్టు వేసింది.

మర్నాడు పొద్దున్నే సరస్సు మధ్యలో లంక మీదున్న అమ్మవారి గుడికి బయల్దేరాం. మావయ్య వలలు ఎత్తే పనిలో ఉన్నాడు. "మావాడు నడుపుతాడులే, రెండు రోజుల్లో గెడ బాగానే పట్టుబడింది" అన్నాడు నాన్న. మావయ్య అన్నయ్యకి దారి చెప్పాడు. "పాయ చీలిన చోటల్లా రెండు గెడలు పాతి ఉంటాయి. ఆకుపచ్చ గుడ్డ కట్టినవైపు వెళ్ళు. ఎర్రగుడ్డ వైపు మాత్రం వెళ్ళకు, ఊబి. కుడీ ఎడమా లెక్క పెట్టుకోకు, నీళ్ళు తగ్గేకొద్దీ మేం గెడలు మారుస్తుంటాం. గుడ్డ చూసి వెళ్ళు." ఆ ఎర్రగుడ్డలు ఎక్కడివో తెలుసా అని నాన్నని చూసి నవ్వాడు. ఎప్పుడో నాన్న ఇచ్చిన దుప్పటి పాతదైపోతే చింపి కట్టాడట. "ఎండకీ వానకీ గుడ్డ చిరుగుతోంది గానీ రంగు వెలవట్లేదు బావా!" అన్నాడు. నాన్న ఆ మాటకి ఎంత పొంగిపోయాడో.

నేను ముందు కూచున్నాను, వెనక నిలబడి గెడ వేస్తున్న అన్నయ్యకి ఎదురుగా. మధ్యలో అమ్మా నాన్నా. మొదటి చీలిక దగ్గర నాన్నే, "అదిగోరా ఆకుపచ్చ!" అని వేలు చూపించాడు. కాసేపటికి ఎండెక్కింది. నాన్న మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. అమ్మ కొంగు కప్పుకుని అమ్మవారి పేరు జపిస్తోంది.

రెండో చీలిక వచ్చింది. రెండు గెడలూ పక్కపక్కనే, మాకు ముప్పై బారల దూరంలో. నేను వెనక్కి తల తిప్పి చూశాను. కుడివైపుది ఎరుపు. మా ఎరుపు. అంత ఎండలోనూ అది నాకు ఎంత స్పష్టంగా కనిపించిందో చెప్పలేను. అన్నయ్య గెడ ఆపాడు. తల కొంచెం కుడివైపు ఊపి నా కళ్ళలోకి చూశాడు. ఎరుపా?

ముందురోజు సాయంత్రం అంత మాట అన్నవాడు, పొద్దున్న లేచి నాతో ఒక్క ముక్క మాట్లాడనివాడు, మళ్ళీ నా జడ కోసం చూశాడు. అడిగితే చెప్తానని అంత నమ్మకం. నేను జడ వీపు మీదే ఉంచాను.

ఉత్తినే ఊరుకున్నాను అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. మా ఇద్దరి మధ్యా జడ వెనక ఉండడం అంటే ఊరుకోవడం కాదు. ఎరుపు కాదు అని చెప్పడం. ఎరుపు కాదని చెప్పాను.

దోనె కుడివైపు తిరిగింది. ఏమవుతుందనుకున్నాను? బురదలో ఆగుతుంది, నాన్న లేస్తాడు, ఏంట్రా ఇటు తెచ్చావు అంటాడు, ఇక దాచలేడు అనుకున్నాను. నా బుర్రలో అంతవరకే ఉంది. ఎర్రగుడ్డ దాటి పది బారలు వెళ్ళేసరికి దోనె అడుగు రాసుకుంది. అన్నయ్య గెడ దించితే అది దిగబడింది గానీ పైకి రాలేదు. కుదుపుకి నాన్న లేచాడు. "కంగారు పడకండి, నేను దిగి నెడతాను" అన్నాడు. "వద్దు నాన్నా, ఊబి!" అని నేను అరిచాను. అప్పుడు అరిచాను! నాన్న అప్పటికే దిగాడు.

మొదట మోకాళ్ళు. ఒక కాలు తియ్యబోతే రెండోది ఇంకా దిగింది. చూస్తుండగానే నడుము, తర్వాత ఛాతీ. అమ్మ పెట్టిన కేకకి గడ్డిలో పక్షులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. అన్నయ్య దోనె మీద బోర్లా పడుకుని నాన్న రెండు చంకల కింద తువ్వాలు వేసి పట్టుకున్నాడు. నేను అన్నయ్య కాళ్ళ మీద కూచున్నాను, తనూ జారిపోకుండా. బురద ఛాతీని నొక్కుతుంటే నాన్నకి దగ్గు తెర వచ్చింది. దగ్గినప్పుడల్లా ఒక వేలెడు కిందకి దిగేవాడు. "దగ్గకు నాన్నా, దగ్గకు" అని అన్నయ్య ఏడుస్తూ బతిమాలాడు. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

కేకలు విని మావయ్య వాళ్ళు రెండు దోనెలతో వచ్చారు. అడ్డంగా పలకలు వేసి, నలుగురు పట్టి నాన్నని పైకి లాగారు. ఒడ్డుకి తెచ్చి నీళ్ళు పోస్తుంటే నాన్న మనిషి మనిషిలా లేడు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కాస్త ఊపిరి అందాక అన్నయ్యని చూశాడు.

"అది మన ఎరుపురా. చూపు లేనివాడికి కూడా కనపడాలి. నీకు కనపడలేదా?"

అన్నయ్య తల దించుకున్నాడు. నా పేరు ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని భయపడి నేనే నోరు తెరిచాను. "అన్నయ్యకి ఎరుపు కనపడదు నాన్నా. చిన్నప్పటి నుంచీ అంతే. కాగు దగ్గర ఇన్నేళ్ళూ నేనే చెప్పాను."

నాన్న నన్నూ అన్నయ్యనీ మార్చిమార్చి చూశాడు. ఎనిమిదేళ్ళ కాగులన్నీ ఆయన కళ్ళ ముందు తిరుగుతున్నాయని తెలుస్తూనే ఉంది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చాలా నెమ్మదిగా, "మరి ఇన్నేళ్ళు చెప్పినదానివి, ఇవాళెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాడు.

నాకంటే ముందు అన్నయ్యే అన్నాడు: "దానికి కనపడలేదు నాన్నా. ఎండ కళ్ళలో పడుతోంది."

తల తిప్పి గెడల వైపు చూసినప్పుడు ఎండ నా వెనక ఉంది. ఆ సంగతి అన్నయ్యకి తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

నాలుగో రోజు ఉండకుండానే తిరిగొచ్చేశాం. నాన్నకి రైల్లోనే జ్వరం. కాలవ వదిలిన రోజున కొత్త నీళ్ళు చూసి వీధంతా సంబరపడుతుంటే, మా ఇంట్లో నాన్నే దగ్గుకుంటూ బోర్లించిన కాగుని తీసి పొయ్యి మీద పెట్టాడు. అన్నయ్య పక్కనుండి పుల్లలు ఎగదోశాడు, నా చోట్లో. అలా ఇంకో మూడేళ్ళు నిలబడ్డాడు నాన్న. నాలుగో ఏడు లేడు. అమ్మ కాగుని తోమించి, అటక ఎక్కించింది. అన్నయ్య అచ్చులు చెక్కే పనిలోకి దిగాడు. టేకు చెక్క మీద పనికి రంగుతో పనిలేదు. తను చెక్కిన పువ్వుల అచ్చుల కోసం జనం వెతుక్కుంటూ వచ్చేవారు. మంచి పనివాడయ్యాడు. బాగున్నాడు. నేను ఎవరడిగినా అలాగే చెప్తాను.

ఆ పొద్దుటి గురించి అన్నయ్య నన్ను ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. జుట్టు పట్టుకుని కొట్టినా బాగుండేది. బందరు వచ్చినప్పుడల్లా నా పిల్లకి బత్తాయిలూ నాకు పువ్వులూ తెచ్చేవాడు, మా ఆయనతో కబుర్లు చెప్పేవాడు, నా వంట మెచ్చుకునేవాడు. ఒకసారి అలాగే వచ్చినప్పుడు నేను పెరట్లో మిరపకాయలు ఏరుతున్నాను. తనూ ఒక చెయ్యి వేస్తానంటూ ఎదురుగా కూచున్నాడు. ఒక కాయ తీసుకుని నొక్కి చూశాడు. నా చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళి జడని ముందుకి వేసింది.

అన్నయ్య నా వైపు చూడలేదు. గుమ్మంలో ఆడుకుంటున్న నా నాలుగేళ్ళ కూతుర్ని పిలిచి, ఒళ్ళో కూచోబెట్టుకుని, ఆ కాయ దాని కళ్ళ ముందు పెట్టి, "ఇది పండిందా అమ్మా?" అని అడిగాడు.